చెవులపిల్లి తీగ

కోనసీమ అంటే అందరూ కొబ్బరాకు చూపిస్తారు.
ఓడలరేవు దాటి, ఆఖరి రొయ్యల చెరువు గట్టు దిగి
సరుగుడు తోటలోంచి చెప్పులు చేత పట్టుకుని నడిస్తే
అక్కడ మాకో ఎడారి ఉంది.
పెద్దదేం కాదు,
రెండు కేకల వెడల్పు.
గోదారి తన ఒండ్రంతా పైవాళ్ళకి పంచేసి
మా వంతుకి ఇసుక తెచ్చింది.

మే నెల పదకొండింటికి అడుగేస్తే
అరికాలు పెనానికి అట్టులా అంటుకుంటుంది.
ఎదురుగా కనుచూపు మేరా నీళ్ళే,
ఒక్క గుక్క గొంతు దిగదు.
అలాంటి చోట
తెల్లారేసరికి ఊదా పువ్వులు పరిచి
మధ్యాహ్నానికి ముడుచుకుంటుందది.

దాని పేరు మీద మాకు తగువు.
ఆకు నడిమికి చీలింది కదా, మేక గిట్టే అంటాడు
మేకలు కాసే ఏసోబు.
మేక మాత్రం ముట్టదు.
మామ్మ చెవులపిల్లి తీగ అనేది.
చెవులపిల్లిని ఆ దిబ్బల మీద రెండేసార్లు చూశాను,
రెండుసార్లూ వెనకనుంచే.
జెల్లీచేప రాసుకున్న చేతికి ఆ ఆకు నలిపి పూసేది.
మంట తగ్గేదో
మామ్మ చెయ్యి తగిలి మర్చిపోయేదాన్నో
ఇప్పుడు చెప్పలేను.
తీగ దట్టంగా ఉన్నచోట చూసి చెలమ తవ్వేది కూడా.
మోచేతిలోతున తడి,
నడుములోతున తియ్యనీళ్ళు.

కార్తీకంలో పంచాయతీ పని పడింది.
బీచి పండగట, పెద్దోళ్ళొస్తారట,
ఇసుక శుభ్రంగా కనపడాలట.
మేస్త్రి చిట్టివాసు కర్రతో గీత గీసి
"ఇక్కణ్ణించి అక్కడిదాకా
పిచ్చితీగంతా పీకి పారెయ్యండి" అన్నాడు.
మూడొందల యాభై కూలి, ఒక మజ్జిగ ప్యాకెట్టు.

నేనూ నూకరత్నం కలిసి పట్టాం.
లాగితే జానెడు లేచి
కణుపు దగ్గర ఆగింది, కింద వేరు.
అది తెంపితే ఇంకో జానెడు, ఇంకో వేరు.
టప్‌ టప్‌మని
చివికిన వల చింపుతున్న చప్పుడు.
"దీని మొదలెక్కడే తల్లీ?" అంది నూకరత్నం.

వెతుక్కుంటూ పోయాం.
రావణాసురుడి మీసాలు పిక్కల్లో దిగుతుంటే
దిబ్బెక్కి, దిబ్బ దిగి,
బోర్లా పడున్న ఎవరిదో తెప్పని చుట్టి.
మొదలు దొరకలేదు.
చివర దొరికింది.
అలలకి నాలుగడుగుల దూరంలో
లేతగా, ఎర్రగా,
ఒక ఇటుకల వరస మీదకి ఎక్కుతోంది.

ఆ ఇటుకలు మావి.
మామ్మ పొయ్యి వెనక గోడ.
సిమెంటు పచ్చిగా ఉండగా నేను గుచ్చిన చిల్లపెంకు
ఇంకా అలాగే ఉంది.
దానికి తన్నులు కూడా తిన్నాను.

నాకు తెలిసి మా ఇల్లు మూడుసార్లు వెనక్కి నడిచింది.
తుపానుకి ఒకసారి.
ఏ తుపానూ లేకుండా ఒకసారి.
మూడోసారి అర్ధరాత్రి,
బియ్యం డబ్బా మోస్తూ మామ్మ తిరిగి చూడలేదు.
సముద్రం ఎంత వస్తే మేం అంత జరిగాం.
ఇదేంటి మరి,
మేం ఖాళీ చేసిన దారిలోనే
ఎదురెళ్తోంది!
అల వచ్చి కొరికినంతా ఇచ్చేసి
వెనక కణుపు నుంచి మళ్ళీ బయల్దేరుతోంది.
ఆకుల కింద చెయ్యి పెట్టాను.
గాలికి కొట్టుకుపోవాల్సిన ఇసుక
అక్కడ గుప్పెడు గుప్పెడుగా
ఆగి ఉంది.

ఆ నాలుగు గజాలూ నేను పీకలేదు.
నూకరత్నం అడగలేదు.
మజ్జిగ ప్యాకెట్టు కొసన కొరికి
సగం తాగి నాకిచ్చింది.

పీకినదంతా తగలెయ్యమన్నాడు మేస్త్రి.
పచ్చిది, అంటుకోలేదు.
పొగకి దగ్గుకుంటూ ఈడ్చుకెళ్ళి
తోట వెనక దిబ్బ మీద పడేశాం.

పండగ అయిపోయింది.
పెద్దోళ్ళు కారు దిగలేదని విన్నాం.
కూలి ఇంకా రాలేదు.
నిన్న పుల్లలకి వెళ్ళి చూశాను,
కుప్ప మాత్రం పూసింది.